చూశానని ఆవిడకి తెలీదు. అడగాలా, ఊరుకోవాలా?

కొట్టు కోడలు (కోనసీమ)

అందరికీ నమస్కారం అండీ. మాది రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. రామాలయం ఎదురుగా మా మావగారు పెట్టిన కిరాణా కొట్టు ఉంది. ఆయన పోయాక నేనూ మా అత్తగారూ చూసుకుంటున్నాం. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. పోయినసారి వచ్చినప్పుడు రెండు కెమెరాలు పెట్టించి వెళ్ళారు, అక్కణ్ణుంచే ఫోన్లో చూస్తుంటారు. (సరుకు కోసం కాదు, నీ కోసమే అని మా ఆడపడుచు ఎగతాళి చేస్తుంది.)

దసరాకి ముందు సరుకు లెక్క చూసుకుంటే నెయ్యి సీసా ఒకటి తగ్గింది. నేనే ఎక్కడో మర్చిపోయానులే అనుకున్నాను. వారం తిరక్కుండా మా ఆయన ఒక వీడియో ముక్క పంపారు. మా వీధి చివర ఉండే పిన్నిగారు. నేను పంచదార తూచడానికి లోపలికెళ్ళగానే ఆవిడ రెండు జీడిపప్పు పొట్లాలు తీసి కొంగు చాటున పెట్టుకున్నారు. తర్వాత నాతో మా చిన్నదాని దగ్గు గురించి ఐదు నిమిషాలు మాట్లాడి, పంచదారకి డబ్బులిచ్చి మరీ వెళ్ళారు. పాత రికార్డింగు వెనక్కి తిప్పి చూస్తే నెయ్యి సీసా కూడా ఆవిడే. మొన్న శుక్రవారం నా కళ్ళతో నేనే చూశాను, కొబ్బరినూనె డబ్బా. నెయ్యి 165, జీడిపప్పు రెండూ కలిపి 240, నూనె 130. మొత్తం 535 రూపాయలు.

దీనికింత రాద్ధాంతమా అంటారేమో. ఆవిడెవరో చెప్తే గానీ నా బాధ అర్థం కాదు. నాకు అమ్మ లేదండీ. రెండు కాన్పులూ అత్తారింట్లోనే. ఇద్దరు పిల్లలకీ స్నానాలు పోసింది పిన్నిగారే. తెల్లారేసరికి వచ్చేసేవారు. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె మర్దనా చేసి, సున్నిపిండి నలిచి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, గుడ్డలో చుట్టి నా పక్కలో పెట్టి వెళ్ళేవారు. ఒక్కో కాన్పుకీ నలభై రోజులు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. చీర పెడితే తీసుకున్నారు, అంతే. వాళ్ళాయన పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆవిడకి పింఛను వస్తుంది.

శుక్రవారం నేనేం చేశానంటే, చూసీ చూడనట్టు అగరబత్తీలు సర్దుకుంటూ నిలబడ్డాను. గుండె దడదడలాడింది. తప్పు చేసింది నేనేనా అన్నట్టుంది.

మా ఆయనేమో ఇంటికి పిలిచి వీడియో చూపించి అడిగెయ్ అంటున్నారు. మా అత్తగారికి ఇంకా చెప్పలేదు. చెప్తే సాయంత్రానికి రాజోలు బస్సులో కూడా ఇదే మాట. నా మటుకు నేను క్షమించేశాననే అనుకుంటున్నాను. కానీ ఆవిడ కొట్లోకి వస్తే నా చూపు మొహం మీద ఉండట్లేదు, చేతుల మీద ఉంటోంది. ఇది క్షమించడమేనా అండీ? చెప్పకుండా క్షమిస్తే ఆవిడకి తెలిసేదెలా? చెప్తే ఆవిడ ఈ ఊళ్ళో తల ఎత్తుకునేదెలా?

ఫ్యాన్సీ షాపు, భీమవరం

మేడమ్, మీరు మంచివారు కాబట్టి కటువుగా చెప్తున్నా. కిరాణా కొట్లో వంద రూపాయల సరుకు అమ్మితే మిగిలేది ఎనిమిదో పదో. ఆ 535 పూడాలంటే దాదాపు ఆరు వేల సరుకు అమ్మాలి. అంటే మీరు ఎన్ని రోజులు ఊరికే నిలబడ్డట్టో లెక్కేసుకోండి.

మా షాపులో పనిచేసే అమ్మాయి మొదట చెవి దుద్దులు తీసింది. చిన్నపిల్ల కదా అని వదిలేశాం. తర్వాత గాజులు. మా ఆవిడ దగ్గర కూర్చోబెట్టుకుని బుద్ధి చెప్పింది, అన్నం పెట్టి మరీ. మూడోసారి గల్లాపెట్టెలో చెయ్యి పెట్టింది. అప్పుడు పంపించేశాం. మొదటిరోజే గట్టిగా అడిగుంటే ఆ పిల్లకి ఉద్యోగం మిగిలేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. జాలిపడింది మేము, నష్టపోయింది ఆ పిల్ల.

అడగడం ఇష్టం లేకపోతే కనీసం నెయ్యి, జీడిపప్పు మీ వెనక అరల్లోకి మార్చండి. అనుమానించినట్టు ఉంటుందేమో అనుకోకండి. గుడికి కూడా తాళం వేస్తాం కదా.

రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్

అమ్మా, కేసు పెడతారని నేననుకోను. కానీ మీ ఆయన వీడియో అంటున్నారు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పాలి.

1 జులై 2024 నుంచి దొంగతనానికి పాత ఐపీసీ సెక్షన్ 379 లేదు. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 303(2). సొత్తు 5,000 రూపాయల లోపుదై, మొదటిసారి నేరం రుజువైన మనిషై, వస్తువో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే శిక్ష జైలు కాదు, సమాజ సేవ. పైగా ఇంత చిన్న మొత్తమైతే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి కూడా లేదు. సొత్తు ఎవరిదో వాళ్ళు రాజీ పడొచ్చు. అంటే మీరు వదిలేస్తానంటే అడ్డుపడేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ వీడియో మాత్రం ఎవరికీ పంపకండి. ఊరి వాట్సాప్ గ్రూపులో పడిందంటే ఇక వెనక్కి రాదు. దొంగతనం కేసు సంగతి దేవుడెరుగు, పరువు నష్టం కేసు మీ మీదికి వస్తుంది. మనిషిని కొట్లో ఆపేసి సంచి తడమడం, తలుపు వెయ్యడం కూడా వద్దు, అది మీ నేరమవుతుంది. నా సర్వీసులో కొబ్బరికాయలు దింపుకున్నాడని ఒకణ్ణి చెట్టుకి కట్టేసి కొట్టారు. చివరికి కాయల కేసు పోయి, కొట్టినవాళ్ళ కేసు మిగిలింది. ఏళ్ళ తరబడి వాయిదాలకి తిరిగారు.

కొట్టు కోడలు

కేసా! రామ రామ, ఆ మాట మా ఇంట్లో అనడానికి కూడా లేదండీ. వీడియో సంగతి చెప్పి మంచి పని చేశారు. మా ఆయన తన తమ్ముడికి పంపబోయారట, ఆపాను.

కంపాసు బాక్సు

నేను అవతలి వైపు నుంచి మాట్లాడతాను.

ఎనిమిదో తరగతిలో మా ఊరి పుస్తకాల షాపులో కంపాసు బాక్సు తీశాను. షాపాయన పట్టుకున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు, మా నాన్నకి చెప్పలేదు. నలుగురూ వింటుండగా "పోనీలే, చిన్నోడు. వదిలేశాను పో" అన్నాడు. కంపాసు బాక్సు కూడా నాకే ఇచ్చేశాడు. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఎప్పుడు కనపడినా "ఒరే, ఏమన్నా కావాలంటే అడుగు, తియ్యక్కర్లేదు" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. పెళ్ళిళ్ళలో అన్నాడు. మా చెల్లి పక్కనుండగా అన్నాడు. ఇంజినీరింగులో సీటొచ్చిందని స్వీట్లు పంచుతుంటే అప్పుడూ అన్నాడు. ఆ షాపు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తుందని చెరువు గట్టు మీద నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి. నాకిప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. మొన్న ఆయన పోయాడని ఫోనొస్తే, ముందు ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఏడుపొచ్చింది. మంచివాడే పాపం.

పిన్నిగారిని క్షమించండి. క్షమించినట్టు మాత్రం తెలియనివ్వకండి.

లెక్కల మాస్టారు, తెనాలి

పై తమ్ముడి మాటతో నేను ఏకీభవించలేను. తెలియకపోతే పశ్చాత్తాపం ఎక్కడిది? గాంధీగారు పదిహేనేళ్ళ వయసులో అన్నగారి బంగారు కడియం నుంచి చిన్న ముక్క తీశారు. ఆ అన్నగారికే ఉన్న పాతిక రూపాయల అప్పు తీర్చడానికి. తర్వాత ఉండబట్టలేక తప్పు ఒప్పుకుంటూ చీటీ రాసి, జబ్బుతో మంచం మీదున్న తండ్రి చేతికిచ్చారు. ఆయన కోప్పడలేదు. కన్నీళ్ళతో చదివి, చీటీ చింపేశారు. ఒక్క మాట అనలేదు. అది క్షమ. పిన్నిగారికి కూడా ఆ చీటీ రాసే అవకాశం ఇవ్వాలి గదా? ఏకాంతంగా పిలిచి మృదువుగా అడగండి.

కంపాసు బాక్సు

గాంధీగారు చీటీ తనంతట తాను రాశారు మాస్టారూ. ఇక్కడ చీటీ కెమెరా రాసింది.

సూర్యాపేట దుకాణం

అక్కా, మాది మూడు తరాల దుకాణం. నువ్వు రాసిన సామాన్లు చూస్తే నాకొక్కటి తడ్తాంది. నెయ్యి, జీడిపప్పు, కొబ్బరినూనె. ఒక్కతే ఉండే ముసలామె తనకోసం తీసుకునేటియి కావియి. ఇంటికి ఎవలో వచ్చిన్రు. కొడుకో, మనుమలో. పండుగ నెల గద.

ఒక మాట అడుగుత, ఏమనుకోకు. మీ దుకాణంల ఉద్దెర ఇస్తున్నరా, బంద్ పెట్టిన్రా?

మా నాయిన సంగతి చెప్త. ఎవలన్న ఏదన్న తీస్కపోతుంటె సూసి కూడ ఏమనకపోయేటోడు. రాత్రి దుకాణం కట్టేసినంక ఉద్దెర బుక్కుల ఆ మనిషి పేరు మీద రాసేటోడు. నెల తిరిగి లెక్క చెప్పేటప్పుడు అన్నిటి నడుమ అది గూడ సదివేటోడు. కందిపప్పు రెండు కిలోలు, బట్టల సబ్బులు నాలుగు, పౌడర్ డబ్బ ఒకటి. గొంతు ఏం మారకపోయేది. ఎక్కువమంది సప్పుడు జెయ్యకుండ ఇచ్చిన్రు. ఒకామె మాత్రం "నేనెప్పుడు తీస్కపోయిన" అని లొల్లి జేసింది. "అట్లనా, నేనే తప్పు రాసినట్టున్న" అని ఆమె ముంగటనే కొట్టేసిండు. ఆమె మళ్ళ తియ్యలే. ఇంకొకాయన పైసలు గూడ ఇచ్చిండు, మళ్ళ తీసిండు. నాయిన మళ్ళ రాసిండు.

మా అమ్మకు ఇది అస్సలు నచ్చకపోయేది. దొంగలకు గుమస్తా అని తిట్టేది.

కొట్టు కోడలు

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాక ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అవును, ఆపేశాం. పోయినేడాది అరువులు 38,000 దాకా మొండికి పడ్డాయి. రెండు కుటుంబాలైతే బాకీ తీర్చకుండా ఊరొదిలి వెళ్ళిపోయాయి. మా ఆయనకి కోపం వచ్చి "నేడు నగదు రేపు అరువు" అని బోర్డు రాయించి పంపారు. పాత ఖాతాలన్నీ మూసేశాం. అందులో పిన్నిగారిది కూడా ఉంది. మా మావగారి రోజుల నుంచీ ఉన్న ఖాతా. నెలంతా సరుకు తీసుకెళ్ళేవారు, ఒకటో తారీకు పింఛను రాగానే తెచ్చి ఇచ్చేసేవారు. ఒక్కసారి కూడా దాటలేదు. ఎగ్గొట్టినవాళ్ళని ఏమీ చెయ్యలేక, ఇచ్చేవాళ్ళ పేజీ కూడా మూసేశాను. అప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. నాకు తట్టలేదు.

దసరా సెలవులకి మనవలు వచ్చిన మాట నిజమే. కోడలు కూడా వచ్చింది. సున్నుండలు, జీడిపప్పు పాకం చేసి పంపించారని మా పక్కింటావిడ చెప్పింది. కోడలి ముందు చెయ్యి ఖాళీగా కనపడకూడదనుకున్నారేమో, నాకేం తెలుసు. కొబ్బరినూనె మాత్రం వాళ్ళు వెళ్ళిపోయాక తీశారు. అదెందుకో నాకూ అర్థం కాలేదు, అడగను కూడా.

కొట్టు కోడలు

పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. ఏమైందని ఇద్దరు ముగ్గురు అడిగారు.

పాత ఖాతా పుస్తకం అటక మీంచి దింపాను. పిన్నిగారి పేరు మీద కొత్త పేజీ తిప్పి మూడు తారీకులూ వేసి రాశాను. నెయ్యి, జీడిపప్పు, నూనె. కింద 535.

ఒకటో తారీకు పొద్దున్నే సచివాలయం వాళ్ళు పింఛను ఇచ్చి వెళ్ళారు. నాలుగు వేలు. పది గంటలకి ఆవిడ కందిపప్పు కోసం వచ్చారు. తూచి ఇచ్చి, పుస్తకం తీసి, "పిన్నిగారూ, మీ పద్దు ఉంది, చూస్తారా" అన్నాను. సూర్యాపేట నాయినగారిలా గొంతు మారకుండా చదువుదామనుకున్నాను. నా వల్ల కాలేదు. రెండో మాటకే వణికింది. ఆవిడ పుస్తకం వైపే చూస్తున్నారు. "కళ్ళజోడు తేలేదమ్మా, ఇంకోసారి చదువు" అన్నారు. మళ్ళీ చదివాను. ఈసారి కొంచెం నయం.

కొంగు ముడి విప్పి ఒక ఐదొందలు, ఒక యాభై తీసి గల్లా మీద పెట్టారు. పదిహేను తిరిగిచ్చాను. కందిపప్పు డబ్బులు వేరుగా ఇచ్చి వెళ్ళిపోయారు. ఇంకో మాట లేదు. చిన్నదాని దగ్గు గురించి కూడా అడగలేదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు రాలేదు. గుడికొచ్చినా అటు వైపు నుంచే వెళ్ళిపోయేవారు. కంపాసు బాక్సు తమ్ముడి చెరువు గట్టే గుర్తొచ్చేది. సెంటర్లో సరుకులు కొంటున్నారని తెలిసింది. తప్పు చేశానా అని మా ఆయనతో అంటే, "వీడియో తీసేశాను, ఇక నన్నడక్కు" అన్నారు.

నిన్న సాయంత్రం వాళ్ళ పక్కింటి పిల్లాడొచ్చాడు. అరకేజీ మినప్పప్పు కావాలన్నాడు. డబ్బులేవిరా అంటే, "మామ్మ పద్దు రాయమంది" అన్నాడు. రాశాను.

రాత్రి మా అత్తగారు ఆ పేజీ చూశారు. "బోర్డు వేలాడదీసి మళ్ళీ అరువేంటే?" అని అడిగారు. ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.