నమాజు తొమ్మిదిన్నరకే ముగిసింది, మిగిలిన పండుగ ఎవరితో?

ప్రశ్న: మెర్సీ తీరవాసి, లివర్‌పూల్

ఖమ్మం జిల్లా నుంచి చదువుకోవడానికి వచ్చి, ప్రస్తుతం ఇక్కడే ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ల క్రితం కలిమా (విశ్వాస ప్రకటన) చదివి ఇస్లాం స్వీకరించాను. ఇంట్లో దాచలేదు. నాన్నగారు ఆ ప్రస్తావనే రానివ్వరు. అమ్మ మాత్రం ఆ ఒక్క విషయాన్ని పక్కన పెట్టి మిగిలినవన్నీ మాట్లాడుతుంది.

ఈ ఏడాది, అంటే 2025లో, మా మసీదులో రంజాన్ పండుగ మార్చి 30న జరిగింది. ఆ రోజే ఉగాది. వేసవి కోసం ఇక్కడ గడియారాలను గంట ముందుకు జరిపే రాత్రి కూడా అదే కావడంతో నిద్ర సైతం కరువైంది. తొమ్మిదిన్నరకల్లా నమాజు, ఖుత్బా (ఇమాం ప్రసంగం) ముగిశాయి. పక్కన కూర్చున్న స్త్రీలు ఆప్యాయంగా కౌగిలించుకుని, ఈద్ ముబారక్ చెప్పి, అత్తలతో, పిల్లలతో కార్లెక్కి వెళ్లిపోయారు. ఇరవై తొమ్మిది రోజులూ ఇఫ్తార్ వేళ ఎవరో ఒకరు నా చేతికి పళ్లెం అందించిన ఆ మసీదు, పండుగ నాడు అంత త్వరగా ఖాళీ అవుతుందని నేను ఊహించలేదు. బస్సులో గదికి చేరేసరికి ఖమ్మంలో మధ్యాహ్నం రెండున్నర. అమ్మ వీడియోలో పచ్చడి గిన్నె చూపించి, "నువ్వు చేసుకున్నావా?" అని అడిగింది. నాకు ఈ రోజు వేరే పండుగ అని చెప్పలేక, సిగ్నల్ సరిగా లేదని ఫోన్ పెట్టేశాను.

జూన్ తొలి వారంలో బక్రీద్ వస్తోంది. నమాజు తరువాతి పొద్దును మీరు ఎలా గడుపుతారో, అమ్మతో ఏం చెప్పాలో పెద్దలు తెలియజేయగలరు.

జవాబు: గుంటూరు అక్క, బర్మింగ్‌హామ్

చెల్లెమ్మా, నాది క్రైస్తవ కుటుంబం. ఇస్లాంలోకి వచ్చి పదకొండేళ్లయింది. మొదటి మూడు పండుగలూ ఎవరైనా పిలుస్తారేమోనని ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నదాన్ని కనుక మీరు రాసినది నాకు కొత్త కాదు.

రంజాన్ పండుగకు దీన్ (మతం) మననుంచి కోరేది నిజానికి చాలా కొద్ది: నమాజుకు ముందే ఫిత్రా (పేదలకిచ్చే పండుగ దానం) చెల్లించడం, స్నానం చేయడం, బేసి సంఖ్యలో ఖర్జూరాలు తిని బయలుదేరడం, దారిలో తక్బీర్ (అల్లాహ్ గొప్పవాడనే పలుకు) చదవడం, నమాజు చేయడం, వీలైతే వేరే దారిన తిరిగి రావడం. షీర్ ఖుర్మా అనే సేమియా పాయసం, పిల్లలకిచ్చే ఈదీ డబ్బు, మేనమామల ఇళ్లకు వెళ్లడం వంటివన్నీ ఆయా కుటుంబాల ఆచారాలు. అవి పుట్టింటి నుంచి రావలసినవి. మనకు అలా రావు. కాబట్టి మనమే మొదలుపెట్టాలి. నాలుగో ఏడు నేను పిలుపు కోసం చూడకుండా, నేనే పిలిచాను. ఇద్దరు మలేషియా విద్యార్థినులు, ఒక సోమాలీ పెద్దావిడ, అప్పుడే కలిమా చదివిన ఒక ఆంగ్లేయ నాయనమ్మ వచ్చారు. గోంగూర మాంసం వండాను. ఆ నాయనమ్మ మంచినీళ్లు తాగుతూనే రెండోసారి వడ్డించుకుంది.

మసీదు వారిది కఠిన హృదయమని అనుకోకండి. మీకు ఎక్కడో ఒక ఇల్లు ఉండే ఉంటుందని ప్రతివారూ అనుకుంటారు. "పండుగ నాడు నాకు వెళ్లడానికి ఇల్లు లేదు" అని రెండు వారాల ముందే నలుగురితో నోరు తెరిచి చెప్పండి. సిగ్గుపడవలసిన మాట కాదది. వీలైతే మైదానంలో జరిగే నమాజుకు వెళ్లండి. మా స్మాల్ హీత్ పార్కులో నమాజు అయ్యాక కుటుంబాలు అక్కడే ఉండిపోతాయి కనుక ఒంటరివారు కూడా ఇట్టే కలిసిపోతారు.

పైగా మీరున్న ఊరు సామాన్యమైనది కాదు. ఇస్లాం స్వీకరించిన అబ్దుల్లా క్విలియం అనే న్యాయవాది బ్రౌమ్ టెరేస్‌లో మసీదు తెరిచింది 1889లో, అదీ క్రిస్మస్ రోజున, పేద పిల్లలకు ఉదయం భోజనం పెట్టి. ఊరంతా పండుగలో ఉన్న రోజున, దానిలో భాగం కాని వారే అన్నం వడ్డించారు.

జవాబు: నాంపల్లి పెద్దాయన, లెస్టర్

అమ్మా, అక్క చెప్పిన దానితో నాకు పేచీ లేదు, కానీ ఆమె మీ అమ్మగారి సంగతి వదిలేశారు. ఖురాన్‌లోని లుఖ్మాన్ సూరా పదిహేనవ ఆయతు (వాక్యం), తల్లిదండ్రులు షిర్కు (అల్లాహ్‌కు సాటి కల్పించడం) చేయమని ఒత్తిడి చేస్తే ఆ మాట వినవద్దంటూనే, లోకవ్యవహారంలో వారితో మంచిగా మెలగమంటుంది. ప్రవక్త అనుచరుడు అబూబక్ర్ కుమార్తె అస్మా (రజి)ను ముస్లిం కాని ఆమె తల్లి చూడవచ్చినప్పుడు, తల్లితో బంధం నిలుపుకొమ్మని ప్రవక్త (స) ఆదేశించారు. అందువల్ల సిగ్నల్ లేదన్న మాట అవసరం లేదు. వేపపువ్వు, బెల్లం, చింతపండు తినదగినవే. నైవేద్యం పెట్టినదాని సంగతి మాత్రం వేరు, దానికి మీ ఇమాంను అడగండి. అమ్మగారికి అంత వివరం చెప్పనక్కరలేదు. ఈ రోజు నాకూ పండుగే అని ఒక్క మాట అనండి.

జవాబు: సెలవు లెక్కలవాడు, లీడ్స్

ఒక ఆచరణాత్మక విషయం. ఇక్కడ ఈద్‌కు ప్రభుత్వ సెలవు లేదు. మన వార్షిక సెలవులోంచే తీసుకోవాలి. ఒక రోజు సెలవుకు కనీసం రెండు రోజుల ముందు తెలపాలన్నది చట్టం చెప్పే సాధారణ లెక్క. రంజాన్ పండుగ తేదీ నెలవంకతో ముందు రాత్రి దాకా తేలదు. మొన్న కూడా ఇక్కడ కొన్ని మసీదులు 30న, కొన్ని 31న చేశాయి. అందుకే రెండు రోజులకూ ముందుగా అడిగి పెట్టడం మేలు. బక్రీద్ నెల పదో రోజున వస్తుంది కనుక తేదీ పది రోజుల ముందే తెలుస్తుంది. ఖుర్బానీ (బక్రీద్ నాటి జంతుబలి) ఇంట్లో చేయడానికి వీల్లేదు. హలాల్ మాంసం దుకాణంలో ముందే చెప్పుకోవాలి. మాంసం ఆ సాయంత్రానికి అందకపోవచ్చు కూడా, కాబట్టి విందుకు వేరేగా కొని ఉంచుకోండి.

మెర్సీ తీరవాసి:

అందరికీ కృతజ్ఞతలు. బక్రీద్‌కు ఐదుగురిని పిలిచాను, నాతో ఆరుగురం. అమ్మకు ఫోన్ చేసి పులిహోర కొలతలు అడిగాను. ఎందుకని అడిగితే, ఇక్కడ మా పండుగ ఉందని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, ఆరుగురికి కిలో బియ్యం ఎక్కువేననీ, చింతపండు రసం చిక్కగా తీయమనీ చెప్పింది.