ఎన్‌సింక్ క్రిస్మస్ ఆల్బమ్: పండగ కోసం చేశారా, అమ్మకం కోసమా?

రేవతి_90స్:
ఐదుగురు కుర్రాళ్ల అమెరికన్ పాప్ బృందం ఎన్‌సింక్ చేసిన క్రిస్మస్ ఆల్బమ్ 'హోమ్ ఫర్ క్రిస్మస్' మీద నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అది పేరు వేడి మీద ఉండగానే అమ్ముకోవడానికి చేసిన ఆల్బమ్. తేదీలు చూడండి. అమెరికాలో ఎన్‌సింక్ తొలి ఆల్బమ్ 1998 మార్చిలో వచ్చింది. ఆ వేసవిలో డిస్నీ చానల్ వాళ్ల కచేరీ ప్రసారం చేశాక పిల్లలు వెర్రెత్తిపోయారు. నవంబర్ 10 కల్లా క్రిస్మస్ ఆల్బమ్ షాపుల్లోకి వచ్చేసింది. 14 పాటలున్నాయి. 'అండర్ మై ట్రీ', 'ఇన్ లవ్ ఆన్ క్రిస్మస్' లాంటివి మామూలు ప్రేమపాటలే, పండగ మాట తీసేస్తే ఫిబ్రవరిలో కూడా వేసుకోవచ్చు. చర్చికి వెళ్లే ఇంట్లో పెరిగినదాన్ని, నాకిది బాధగానే ఉంటుంది.

టెనర్_గుంటూరు:
రేవతి గారూ, తేదీల లెక్క నిజమే. మరి అదే ఆల్బమ్‌లో 'ఓ హోలీ నైట్' విన్నారా? ఒక్క వాయిద్యం లేదు, ఐదు గొంతులే. మా క్వాయర్‌లో అంతమందిమి ఆర్గన్ సాయంతో పాడుతూ కూడా, చివర్లో ఆ పై స్వరం అందుకునేటప్పుడు టెన్షన్ పడతాం. వాయిద్యం లేనప్పుడు ఒకరి శ్రుతి కాస్త దిగితే అందరూ దిగిపోతారు. కింద లాన్స్ బాస్ బేస్ పట్టుకుని నిలబడాలి, పైన క్రిస్ కిర్క్‌ప్యాట్రిక్ సన్నటి గొంతు, మధ్యలో జేసీ, జస్టిన్, జోయి. స్టూడియోలో సరిచేశారని అనేవాళ్లుంటారు. కానీ వాళ్లు వాయిద్యాలు లేకుండా జనం ముందు ఎన్నోసార్లు పాడారు. అమ్మకమే లక్ష్యమైతే ఇంత కష్టమైన పాట పెట్టాల్సిన అవసరం ఎవరికుంది?

సూటిగా:
ఆ పాట గొప్పతనం అడోల్ఫ్ ఆడమ్‌ది. 1847లో ఫ్రాన్స్‌లో కట్టిన బాణీ. ఎవరు పాడినా ఒళ్లు పులకరిస్తుంది. పైగా వీళ్లు ఒక్కో అక్షరాన్నీ బోలెడు స్వరాల మీదుగా మెలితిప్పడం నాకు భక్తిలా అనిపించదు, ప్రతిభ చూపించుకోవడంలా ఉంటుంది.

టెనర్_గుంటూరు:
ఎవరు పాడినా అనకండి బ్రదర్, ఆ పాటను పాడు చేసినవాళ్లు బోలెడుమంది. ఇక ఆ మెలికలంటారా, అవి అమెరికా నల్లజాతి చర్చిల్లో పాడే గాస్పెల్ భక్తిపాటల నుంచి ఆర్ అండ్ బీ అనే నల్లజాతి పాప్ పాటల్లోకి, అక్కణ్నుంచి వీళ్ల దగ్గరకు వచ్చాయి. చర్చిలో పుట్టిన పద్ధతి చర్చి పాటలో వాడితే తప్పెలా అవుతుంది?

శ్రావణి_డాలస్:
అమ్మకానికి చేస్తే పాటలో నిజాయితీ ఉండదన్న మాటతోనే నాకు పేచీ. ఈ ఆల్బమ్‌లో 'ద క్రిస్మస్ సాంగ్' కూడా ఉంది కదా. మెల్ టోర్మే, బాబ్ వెల్స్ దాన్ని 1945లో మండే ఎండాకాలంలో రాశారు. వృత్తిగా పాటలు రాసుకునేవాళ్లు వాళ్లు. అయినా చలికాలం రాగానే ఇక్కడ అందరికీ గుర్తొచ్చేది ఆ పాటే. ఇదే ఆల్బమ్‌లోని 'మెర్రీ క్రిస్మస్, హ్యాపీ హాలిడేస్' రచయితల్లో జస్టిన్, జేసీ ఇద్దరూ ఉన్నారు. ఎవరో రాసిచ్చింది పాడి వెళ్లిపోలేదు. నా పిల్లలు ఆ బ్యాండ్ విడిపోయాక పుట్టారు, వాళ్లకూ ఆ పాట నోటికొచ్చు.

రేవతి_90స్:
శ్రావణి గారూ, ఆ ఐదుగురి గొంతుల మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. నా ఫిర్యాదే అది. అంత పాడగలిగినవాళ్లు 'ఓ హోలీ నైట్', 'ద ఫస్ట్ నోయెల్' లాంటి పాత కీర్తనలు రెండే పాడి, మిగతా చోటు ఎక్కువగా ప్రేమపాటలకు ఇచ్చేశారు. 1998లో కొత్తవాళ్లు, కంపెనీ చెప్పినట్టు వినాల్సి వచ్చిందేమో అనుకుందాం. 2000 మార్చిలో వాళ్ల 'నో స్ట్రింగ్స్ అటాచ్డ్' ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే మొదటి వారంలో 24 లక్షలు అమ్ముడైంది. అప్పుడు వాళ్ల మాట కాదనేవాళ్లు ఎవరు? పూర్తిగా వాయిద్యాలు లేని కీర్తనల ఆల్బమ్ చేయాల్సిన సమయం అదే. చేయలేదు. టెనర్ గారూ, ఆ లోటు మీకు కనిపించడం లేదా?