పెళ్లి కార్డు: ఇంక్‌స్కేప్‌కీ ఇలస్ట్రేటర్‌కీ మధ్య సైజు, నలుపు తేడా వస్తున్నాయి

ప్రశ్న (తెనాలి, డీటీపీ షాపు)

నమస్తే అండీ. మా షాపులో రెండు సిస్టమ్‌లున్నాయి. కార్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌కి చందా ఒకదానికే కట్టగలను. రెండోదాంట్లో అదే పనికి ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ వేసి, మా దగ్గర పనిచేసే అమ్మాయికి అప్పగించాను.

ఇప్పుడు పెళ్లివాళ్లు మ్యాటర్ వాట్సాప్‌లోనే పంపుతున్నారు. ఇదివరకు అదంతా కూర్చుని మళ్లీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టేదాన్ని. ఇంక్‌స్కేప్‌లో నేరుగా పేస్ట్ చేసి రామభద్ర ఫాంట్ పెడితే ‘జ్యేష్ఠ పుత్రిక’లో ష కింద ఠ వత్తు చక్కగా కూర్చుంటోంది. నాకు ఎంత పని తగ్గిందో చెప్పలేను.

మొన్న ఒక నాన్నమ్మగారు తాను వేసిన మెలికల ముగ్గునే కార్డు అంచుకి పెట్టమన్నారు. ఫోన్‌లో ఫొటో తీసి ట్రేస్ బిట్‌మ్యాప్ (ఫొటోను గీతలుగా మార్చడం) చేశాం. నోడ్‌లు (గీత మీది బిందువులు) మరీ ఎక్కువొస్తే, వాటిని తగ్గించే కంట్రోల్ ఎల్ కొట్టాం. ఒకసారి కొడితే గీత నున్నగా వచ్చింది, మూడోసారికి మెలికలు మొద్దుబారాయి. అన్‌డూ చేసి ఒక్కసారితో ఆపేశాం.

చిక్కు రెండు చోట్ల వచ్చింది. ఇలస్ట్రేటర్‌లో 7 × 5 అంగుళాల కార్డు చేసి ఎస్‌వీజీ ఫైలుగా ఇస్తే, ఇంక్‌స్కేప్‌లో 5.25 × 3.75గా తెరుచుకుంటోంది. ఇక చిన్నక్షరాల నలుపు ప్రింటులో మసకగా, అంచుల్లో రంగు తేలుతూ వస్తోంది. ఎక్కడ సరిచేయాలి?

జవాబు (హైదరాబాద్, ప్యాకేజింగ్ డిజైన్)

అక్కా, మీ లెక్క సరిగ్గా ముప్పావు వంతు. ఇలస్ట్రేటర్ అంగుళానికి 72 పిక్సెల్స్ చొప్పున రాస్తుంది, ఇంక్‌స్కేప్ 96 చొప్పున చదువుతుంది. తెరిచాక అన్నీ సెలెక్ట్ చేసి 133.333 శాతానికి పెంచండి. పైన టూల్‌బార్‌లో, గీత మందం కూడా సైజుతో పాటు మారే బటన్ నొక్కి ఉంచండి, లేకపోతే కార్డులోని గీతలు సన్నగానే ఉండిపోతాయి. నేనైతే ఎస్‌వీజీ మానేసి రెండువైపులా పీడీఎఫ్‌తోనే ఇచ్చిపుచ్చుకుంటాను. అందులో కొలత మారదు.

జవాబు (విజయవాడ, ఆఫ్‌సెట్ ప్రెస్)

నలుపు సంగతి నేను చెప్తానమ్మా. ఇంక్‌స్కేప్ పీడీఎఫ్ ఆర్‌జీబీలో, అంటే స్క్రీన్ రంగుల్లో వస్తుంది. దాన్ని సీఎంవైకేలోకి (సి నీలం, ఎం ఎరుపు, వై పసుపు, కె నలుపు ప్రింటింగ్ ఇంకులు) మారిస్తే నలుపు నాలుగు ఇంకుల కలగలుపు అవుతుంది. నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా తలకట్టు పక్కన ఎర్రగానో నీలంగానో తేలుతుంది. తెలుగు వత్తులకి అది అసలు పనికిరాదు. ఫైలు ఇలస్ట్రేటర్‌లోకి తెచ్చి, ముందు సీఎంవైకే మోడ్‌లో పెట్టి, అక్షరాలన్నీ పట్టుకుని సి, ఎం, వై సున్నా చేసి కె ఒక్కటే 100 పెట్టండి. ఓవర్‌ప్రింట్ (కింది రంగు మీదే నలుపు అచ్చయ్యేలా) కూడా ఇవ్వండి. ఒకే రంగులో స్క్రీన్ ప్రింటింగ్ అయితే ఈ బాధ లేదు.

ఇంకొకటి. అక్షరాలను పాత్‌గా (ఫాంటు అక్కర్లేని గీతలుగా) మార్చి పంపడం మంచిదే, కానీ ఆ తర్వాత టైపు చేసి దిద్దలేం కాబట్టి మార్చని కాపీ మీ దగ్గర ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

ఆ కాపీ లేకే పోయిన నెల పెళ్లికొడుకు తాతగారి పేరులో ఒక్క వత్తు దిద్దడానికి రాత్రి పదింటిదాకా కూర్చున్నాం. ఆ పేరు తప్పుగా అచ్చయితే ఆ ఇంట్లో ఎంత బాధపడేవారో! ఇప్పుడు ‘మ్యాటర్’ అని ఒక ఫోల్డర్, ‘ప్రెస్’ అని ఒక ఫోల్డర్ పెట్టాను.

మీరిద్దరూ చెప్పినట్టే చేశాం. పీడీఎఫ్‌ను 100 శాతంలో ఏ4 మీద తీసి స్కేలు పెట్టి కొలిస్తే సరిగ్గా 7 అంగుళాలు. నలుపు కూడా కె ఒక్కటే పెట్టాను.

నాన్నమ్మగారికి ప్రూఫ్ పంపితే, ఎడమ మూలలో ఒక చుక్క లేదని చూడగానే పట్టేశారు. నేల మీది మరకలు పోవాలని ట్రేస్‌లో చిన్న మచ్చలను తీసేసే స్పెకిల్స్ అంకె పెంచాను, వాటితో పాటు ఆ చుక్కా పోయింది. చుక్క పెట్టేశాం. రేపు పొద్దున ప్లేట్లకి పంపుతున్నాను.