అరవై దాటాక తల్లిలేని పిల్లికూనను సాకడం సమంజసమేనా?

మలిసంధ్య:
నాకు అరవై ఎనిమిదేళ్లు. ఇంట్లో జంతువును పెంచాలన్న ఆలోచన ఏనాడూ లేనిదాన్ని. పెరటి మెట్ల కింద పడేసిన అట్టపెట్టెలో కళ్లు తెరవని పిల్లికూన ఒకటి కనిపిస్తే, తల్లి ఆహారం కోసం వెళ్లి ఉంటుందని దాన్ని ముట్టుకోకుండా దూరం నుంచే కనిపెట్టి చూశాం. తల్లి రాలేదు సరికదా, కూన చల్లబడటం మొదలైంది. పశువైద్యుడి సలహా మేరకు పోతపాలు పట్టి బతికించాం. ఇప్పుడు దానికి అయిదో వారం నడుస్తోంది. మా అబ్బాయి మాత్రం ఎవరికైనా ఇచ్చేయమంటున్నాడు. "నీకు ఎనభై అయిదు వచ్చేనాటికి దానికి పదిహేడు. అప్పుడు దాన్ని ఎవరు చూస్తారమ్మా?" అన్నది వాడి ప్రశ్న. మావారు ససేమిరా ఇవ్వనంటున్నారు. ఈ వయసులో ఇంత బాధ్యత నెత్తికెత్తుకోవడం తగునా అన్నది మీరంతా నిర్మొహమాటంగా చెప్పాలని కోరుతున్నాను.

నిక్కచ్చి:
మీ అబ్బాయి అడిగినది సరైన ప్రశ్నే. ఇంట్లోనే ఉండే పిల్లి పదిహేనేళ్లు బతకడం మామూలు, ఇరవై దాటినవీ ఉంటాయి. కూనను ముచ్చటపడి తీసుకెళ్లేవారు దొరుకుతారు గాని, యజమాని పోయాక పదేళ్ల పిల్లిని చేరదీసేవారు అరుదు. ఆరోగ్యం సంగతీ ఆలోచించండి. పిల్లి కాటు చూడటానికి సూది గుచ్చినంతే ఉన్నా, సన్నని పళ్లు లోతుగా దిగడం వల్ల చీము త్వరగా పడుతుంది. మధుమేహం ఉన్నవారికి, రక్తం పలచబడే మందులు వాడేవారికి అది చిన్న విషయం కాదు. నడుస్తుంటే కాళ్ల మధ్యకు దూరే అలవాటు సరేసరి. తోడు కావాలనుకుంటే ఎనిమిది, తొమ్మిదేళ్ల నెమ్మదైన పిల్లిని తెచ్చుకోండి. ఆయుర్దాయాలు సరిపోతాయి, దానికీ ఒక నీడ దొరుకుతుంది.

పాలపీక:
పశువైద్యశాలలో పనిచేస్తూ చాలా అనాథ కూనలను పెంచిన అనుభవంతో రాస్తున్నాను. నిక్కచ్చి గారి వాదనలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి: కూనను బతికించి పెద్దచేయడం ఒకటి, జీవితాంతం ఉంచుకోవడం మరొకటి. మొదటి దానికి వయసు అడ్డం కాదు సరికదా, ఉద్యోగాలకు పరుగులెత్తే వయసువారికంటే విశ్రాంత జీవితం గడుపుతున్నవారే దానికి ఎక్కువ తగినవారని నా అభిప్రాయం.

పుట్టిన కూన వంద గ్రాములు తూగితే గొప్ప. మొదటి వారం రెండు మూడు గంటలకు ఒకసారి, రాత్రుళ్లు కూడా, పాలు పట్టాలి. తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు కాబట్టి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన ఉండాలి. చల్లబడిన కూనకు ముందు వెచ్చదనం ఇచ్చి, ఆ తరువాతే పాలు పట్టాలి, లేకపోతే ఆ పాలు అరగవు. ఆవుపాలు దానికి చాలవు, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లికూనల కోసమే తయారుచేసిన పాలపొడి వాడాలి. అన్నిటికంటే ముఖ్యం, పసిబిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టినట్లు దీన్ని పడుకోబెట్టకూడదు. బోర్లా ఉంచి, తల కొద్దిగా ఎత్తి పట్టాలి. అది తనంతట తాను చీకుతుంటే చెవులు ఆ లయకు కదులుతాయి. ఆ కదలిక ఆగితే మనమూ ఆగాలి. తొందరపడి సిరంజి నొక్కితే పాలు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు తాగాక వెచ్చని తడి దూదితో కింది భాగాన్ని మెల్లగా తుడిస్తేనే మూడు, నాలుగు వారాల వరకు మలమూత్రాలు వస్తాయి, తల్లి నాలుకతో చేసే పని అదే. రోజూ ఒకే వేళకు తూచి, పది పదిహేను గ్రాములు పెరిగిందో లేదో రాసుకోవాలి. ఇదంతా ఓపిక పని, బలం పని కాదు. మలిసంధ్య గారు ఆ గండం ఎలాగూ దాటించారు.

రెండో ప్రశ్నకు నా జవాబు వేరు. ఒంటరిగా పెరిగిన కూనకు కాటు ఎంత నొప్పో నేర్పే తోబుట్టువులు ఉండరు. చేతివేళ్లతో ఆడించిన కూన పెద్దయ్యాక ఆ చేతినే వేటాడుతుంది. అందుచేత ఎనిమిది, తొమ్మిది వారాల వయసులో మరో పిల్లి ఉన్న ఇంటికి పంపడం మంచిది, లేదా ఉంచుకుంటే దానికో జత చూడాలి. మలం పెట్టెను ఏ రోజుకారోజు శుభ్రం చేయండి. పిల్లి మలం ద్వారా మనుషులకు సోకే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి అందులో ఉన్నా, అది అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే మీ వైద్యుడిని ముందే సంప్రదించండి.

గడపదాటని:
రాత్రుళ్లు లేచి పాలు పట్టినవారిని పట్టుకుని "మీ పని అయిపోయింది, ఇక ఇచ్చేయండి" అనడం కాగితం మీద మాత్రమే సులువు. ఇంకొక సంగతి. "తరువాత ఎవరు చూస్తారు" అని ముసలివారినే అడుగుతారెందుకు? బదిలీ అయిందని, ఇల్లు మారామని, బిడ్డ పుట్టిందని పిల్లిని వదిలించుకునేవారు డెబ్బై ఏళ్లవారు కారు కదా.

నిక్కచ్చి:
ఒప్పుకుంటాను, ఆ ప్రశ్నను అందరినీ అడగాలి. అయితే అందరినీ అడగాల్సిన ప్రశ్న అయినంత మాత్రాన మలిసంధ్య గారు జవాబు చెప్పనక్కరలేదని అర్థం కాదు. "తరువాత" అంటే మరణం ఒక్కటే కాదు; తుంటి ఎముక విరిగి కొన్ని నెలలు మంచాన పడటం అంతకంటే ముందే రావచ్చు, అప్పుడు పిల్లికి ఆ పూటే తిండి పెట్టే మనిషి కావాలి. "ఎవరో ఒకరు చూడకపోతారా" అన్నది ఏర్పాటు కాదు. ఒక మనిషి పేరు చెప్పండి, ఆ మనిషి నోటితో సరే అనాలి, పిల్లికి ఆ మనిషి ముందే అలవాటై ఉండాలి. ఈ మూడూ ఉంటే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను.

పాలపీక:
దీనితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. టీకాల వివరాలు, వైద్యుడి ఫోన్ నంబరు, అది తినే తిండి, దాని ఖర్చుకు తీసిపెట్టిన సొమ్ము ఒకే కాగితంపై రాసి పెట్టండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆపై మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారో వారం వరకు. నాలుగైదు నెలలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్.

మలిసంధ్య:
అందరికీ కృతజ్ఞతలు. మా ఆడపడుచు కూతురి ఇంట్లో శాంత స్వభావం గల ఆడపిల్లి ఉంది. "అత్తయ్యా, మీకు ఎప్పుడు వీలుకాకపోతే అప్పుడు నా దగ్గరికి పంపండి" అని ఆ అమ్మాయి తనంతట తానే అంది. టీకా పడ్డాక కూన కొన్నాళ్లు అక్కడే ఉండి ఆ పెద్దపిల్లి దగ్గర బుద్ధులు నేర్చుకుని వస్తుంది. చేతివేళ్లతో ఆడించడం నేటినుంచి బంద్. మా అబ్బాయి ఇంకా మెత్తబడలేదు గాని, ఆ కాగితం ఏదో తనకు చూపించమన్నాడు. మావారు మాత్రం దానిమీద మొదటి సంతకం వాడిదే ఉండాలని పట్టుబట్టి కూర్చున్నారు.