సింహాచలం శాసనాలు చదవగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, గోపాలపట్నం. మొన్న ఆదివారం మా అబ్బాయిని సింహాచలం తీసుకెళ్లాను. గుడిలో భక్తులు కౌగిలించుకుని మొక్కుకునే కప్పస్తంభం క్యూలో నిలబడి ఉంటే వాడు రాతి మీద అక్షరాలు చూపించి "ఇవెవరు రాశారు నాన్నా?" అన్నాడు. దగ్గరికెళ్లి చూశాను. తెలుగులానే ఉంది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! చిన్నప్పటి నుంచీ వెళ్తున్న గుడి, సిగ్గేసింది.

ఇంటికొచ్చాక కాస్త చదివాను. కులోత్తుంగ చోళుడి కాలం నుంచే ఇక్కడ శాసనాలున్నాయట. 13వ శతాబ్దంలో గుడిని తిరిగి కట్టించింది తూర్పు గంగరాజులు, అంటే కోణార్క్ కట్టించిన వంశమే. 1516లో, అప్పట్లో ఈ సీమనేలుతున్న ఒడిశా రాజులు గజపతుల మీదికి దండెత్తి వచ్చిన కృష్ణదేవరాయలు రాణులతో సహా కొండెక్కి, స్వామికి నగలిచ్చి, ఆ సంగతి శాసనంగా వేయించాడు. శత్రువు కొలిచే దేవుడికే కానుకలు! భక్తి ఉండే ఉంటుంది, కాదనను. కానీ "ఈ సీమ ఇక నాది" అని చాటడం కూడా కాదంటారా? విశాఖ దగ్గరి పొట్నూరులో విజయస్తంభం వేయించిందీ ఆయనే కదా.

రాయల శాసనం గుడిలో సరిగ్గా ఎక్కడుంది? పాత తెలుగు లిపి నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) చరిత్ర విభాగానికి మాలాంటి బయటివాళ్లు వెళ్లి అడిగితే చెప్తారా? వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం, ఆలోపు చెప్తే మావాడి దగ్గర పరువు దక్కుతుంది.