సారె ఎక్కని జపాన్ టీ గిన్నెలు: పనితనం ఎక్కడుంది?

ప్రశ్న (చిత్రలేఖన ఉపాధ్యాయుడు, అనంతపురం)

జపాన్ తేనీటి వేడుకలో వాడే పాత గిన్నెల ఫోటోలను తరగతిలో చూపించాను. అంచు ఎగుడుదిగుడుగా, ఒళ్లు కాస్త ఒరిగినట్టుగా ఉన్న ఒక నల్ల గిన్నెను చూసి, కుమ్మరి ఇంటి నుంచి వచ్చే పిల్లవాడు "ఇట్లాంటిది వస్తే మా నాయన మళ్లీ మట్టిలో కలిపేస్తాడు సార్" అన్నాడు. ఇన్ని శతాబ్దాలుగా వాటిని పదిలంగా దాచుకోవడానికి వాటి వయసే కారణమా, లేక తయారీలోనే మన కంటికి అందని నేర్పు ఏదైనా ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (కడప)

మీరు చూపినది రకు గిన్నె అయి ఉంటుంది. 16వ శతాబ్దం చివర క్యోటోలో చోజిరో అనే పనివాడు, తేనీటి ఆచార్యుడైన సెన్ నో రిక్యూ (1522–1591) అభిరుచికి తగినట్టు ఈ గిన్నెలు చేశాడు. వీటిని సారె మీద తిప్పరు. మట్టిని చేతులతోనే పైకి లేపి, కొంత ఆరనిచ్చి, ఆ తరువాత లోపలా వెలుపలా పదునైన పనిముట్టుతో చెక్కుతారు. కాబట్టి ఆ వంకర చెయ్యి జారి వచ్చినది కాదు, చెక్కేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలిసి ఆపినది. ఆకుపొడిని గిన్నెలోనే వెదురు కుంచెతో గిలకొడతారు గనుక లోపల కుంచె తిరిగేంత చోటుండాలి. తాగగా మిగిలిన చుక్కలు చేరేందుకు అడుగున చిన్న పల్లం ఉంచుతారు. గోడ మందంగా, మట్టి గుల్లగా ఉండటం వల్ల రెండు చేతులతో పట్టుకున్నా వేడి చురుక్కుమనదు. నల్ల గిన్నెనైతే నిప్పులా మెరుస్తుండగానే పట్టకారుతో ఆవంలోంచి బయటికి లాగుతారు. ఆ పట్టకారు కరిచిన మచ్చ పూత మీద అలాగే నిలిచిపోతుంది, దాన్ని ఎవరూ చెరపరు.

జవాబు (కర్నూలు)

కడప మిత్రులు చెప్పినది రకు వరకు నిజమే గానీ, అన్నిటినీ చేసినవాడి ఉద్దేశానికే కట్టబెట్టలేము. జపాన్ జాతీయ సంపదగా ప్రకటించిన 'కిజాయెమోన్ ఇదో' అనే గిన్నె 16వ శతాబ్దపు కొరియాది. క్యోటోలోని దైతోకుజి ఆలయ సముదాయంలో, కొహోఅన్‌లో ఉంది. పేరు తెలియని కుమ్మరి ఎవరో దాన్ని సారె మీదనే చేశాడు. వేళ్లు తిరిగిన చాళ్లు దాని ఒంటి మీద ఇప్పటికీ కనిపిస్తాయి. అడుగు కట్టు దగ్గర పూత ముడుచుకుపోయి పూసలు పూసలుగా నిలిచింది. మన ఆవంలో అట్లా వస్తే పక్కన పెట్టేస్తాం. తేనీటి రసికులు మాత్రం తిరగేసి చూసేది ఆ చోటునే. నా మటుకు ఇక్కడ సగం ఘనత ఎంచుకున్న కంటిదే.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కొన్ని గిన్నెల మీద బంగారు గీతలున్నాయి, అవి అలంకారమేనా?

జవాబు (కడప)

కాదు, అవి అతుకులు. పగిలిన ముక్కలను ఉరుషి అనే చెట్టు పాలతో అతికించి, పైన బంగారు పొడి చల్లుతారు. ఆ పాలు ఎండలో పెడితే గట్టిపడవు, గాలిలో తేమ ఉండాలి. మీ అనంతపురం ఎండాకాలంలో ఆ పని చేయాలంటే తడి గుడ్డ పరిచిన పెట్టెలో మూసి ఉంచవలసిందే.