లానిడ్లోస్‌లో మూడు నెలలు: అది కూడా మగ్గాల ఊరేనంటోంది మా బిడ్డ, నిజమేనా?

కొత్తవాడ_జంపఖానా:
అందరికీ నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. నాయన జంపఖానాలు నేసేవారు. నేను నేత మానేసి, ఒక చేనేత సొసైటీలో 31 ఏళ్లు గుమాస్తాగా చేసి పోయినేడు రిటైరయ్యాను. మా బిడ్డ నర్సు. వేల్స్‌లో లానిడ్లోస్ అనే చిన్న టౌన్‌లో ఇల్లు తీసుకుని, జూన్‌లో మమ్మల్నిద్దర్నీ మూడు నెలలకు రమ్మంటోంది. ఊరి జనం మూడు వేలకు అటూ ఇటూనట. తెలుగు ముఖం కనబడని చోట మూడు నెలలు ఎట్లా అని మా ఆవిడ టెన్షన్. నాకు ఇంకో అనుమానం. "నాన్నా, ఇది కూడా మగ్గాల ఊరే, నేతగాళ్లు పోలీసుల మీదనే తిరగబడ్డారు" అని ఫోన్‌లో చెప్పింది. నన్ను రప్పించడానికి చెబుతోందా, నిజమేనా? అటువైపు ఉన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

ములుగురోడ్డు:
మూడు వేల మంది ఉంటే టౌన్ అంటారా సార్? మా అమ్మమ్మ ఊరు ఇంకా గ్రామపంచాయతీనే, అక్కడ అంతకంటే ఎక్కువ ఓట్లున్నాయి.

పరకాల_టు_న్యూటౌన్:
అన్నా, మీ బిడ్డ చెప్పింది నిజమే. కొంచెం తక్కువే చెప్పింది. నేను ఆరేళ్లుగా న్యూటౌన్‌లో ఉంటున్నాను, లానిడ్లోస్ ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు.

ములుగురోడ్డు తమ్ముడికి ముందు చెప్పాలి. 1280లోనే ఇంగ్లండ్ రాజు ఆ ఊరికి సంత పెట్టుకునే హక్కు రాసిచ్చాడు. అప్పటినుంచి అది టౌనే, జనం లెక్క ఎవరూ అడగరు. చౌరస్తా నడిమధ్యన పాత మార్కెట్ హాల్ ఉంటుంది, 1600 తర్వాత కట్టింది. కింద లావాటి కర్ర స్తంభాలు, అంతా ఖాళీ, పైన గది. కార్లు ఇప్పటికీ దాన్ని చుట్టుకునే పోతాయి. మన దగ్గరైతే రోడ్డు వెడల్పు పేరుతో ఎప్పుడో లేపేసేవాళ్లు.

ఇక మగ్గాలు. ఇక్కడ నేసింది ఉన్నితో, ఫ్లానెల్ బట్ట. కొత్తవాడలో గుంట మగ్గం నేలలోకి దిగుతుంది కదా, ఇక్కడ మగ్గం నెత్తిమీద ఉండేది. న్యూటౌన్‌లో అట్లాంటి బిల్డింగ్ ఒకటి మ్యూజియం చేశారు, మీరు తప్పకుండా చూడాలి. కింద వీపుకు వీపు ఆనించి కట్టిన ఇరుకు ఇళ్లు ఆరు. పైన రెండు అంతస్తులు మాత్రం ఆ ఆరిళ్ల మీదుగా పొడవాటి హాళ్లు. వెలుతురు కోసం గోడ పొడుగునా కిటికీలే. నేసేవాడు చీకటి గదిలో పడుకుని, వెలుతురంతా బట్టకు ఇచ్చాడన్నమాట. మొదటిసారి ఆ పైఅంతస్తులో నిలబడ్డప్పుడు నాకు మా పెదనాయన దగ్గు గుర్తొచ్చింది.

గొడవ సంగతికొస్తే, 1830ల్లో ఫ్లానెల్ గిరాకీ పడిపోయి కూలి తగ్గింది. దానికి తోడు 1834లో కొత్త చట్టం. గతి లేనివాళ్లకు ఇంటి దగ్గర సాయం తగ్గించి, వర్క్‌హౌస్‌లో, అంటే పని చేయించుకుని తిండి పెట్టే బీదల ఇంట్లో, చేరమనడం మొదలుపెట్టారు. అందులో చేరితే మొగుడొక దిక్కు, పెళ్లామొక దిక్కు, పిల్లలొక దిక్కు. 1838లో చార్టిస్టులు వయసొచ్చిన ప్రతి మగవాడికీ ఓటు కావాలని, ఆ ఓటు రహస్యంగా ఉండాలని పత్రం రాస్తే, నేతగాళ్లు దాని వెంట నడిచారు. 1839 ఏప్రిల్ 30న లండన్ నుంచి ముగ్గురు పోలీసులను పిలిపించి కొందరిని పట్టుకుని, ట్రివైథెన్ ఆర్మ్స్ అనే హోటల్లో పెట్టారు. జనం తలుపులు పగలగొట్టి విడిపించుకున్నారు. పట్టణ పెద్ద ఒకాయన గుంపులో చిక్కుకుని, ప్రాణభయంతో తనే "చార్టిస్టులకు జై" అని ఒక అద్దం పగలగొట్టి తప్పించుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగైదు రోజులు ఊరు వాళ్ల చేతుల్లోనే ఉంది. తర్వాత సైన్యం దిగింది, కేసులయ్యాయి, ముగ్గురిని ఓడలెక్కించి ఆస్ట్రేలియా పంపేశారు.

ఆ తర్వాతిది మనకు తెలిసిన కథే. ఇంగ్లండ్ పెద్ద మిల్లులు చేనేతను మింగేశాయి. దగ్గర్లో వ్యాన్ అనే చోట సీసం గనులు కొన్నాళ్లు ఆదుకున్నాయి, అవీ మూతబడ్డాయి. 1962లో రైలు కూడా పోయింది. ఇప్పుడు మీరు కేర్‌సూస్‌లో దిగాలి.

అన్నా, సొసైటీ గుమాస్తా అన్నారు కాబట్టి అసలు ముచ్చట ఇది. సహకార ఉద్యమానికి పితామహుడని మన సొసైటీ ట్రైనింగుల్లో చెప్పే రాబర్ట్ ఓవెన్ పుట్టింది మా న్యూటౌన్‌లో, 1771లో. బతుకంతా బయటే తిరిగి 1858లో ఇక్కడికే వచ్చి చనిపోయాడు. సమాధి పాత చర్చి ఆవరణలో, నది పక్కనే ఉంది. చుట్టూ ఉన్న ఇనుప కటకటాలు 1902లో సహకార సంఘాలవాళ్లు పెట్టించినవే.

హసన్‌పర్తి_పిల్ల:
చరిత్ర బాగుంది గానీ అన్నా, కొత్తవాడ అన్నవాళ్ల ఆవిడ భయానికి ఎవరూ జవాబియ్యలేదు. నేను అబరిస్ట్‌విత్ దగ్గర ఉంటాను. అక్కయ్యకు చెప్పండి, శనివారం ఊళ్లో సంత ఉంటుంది, కూరగాయలకు అక్కడికి పోతే రెండో వారానికి మొహాలు గుర్తుపడతారు. జూలైలో ఒక శుక్రవారం రాత్రి ఊరంతా వేషాలు కట్టుకుని వీధిలోకొస్తారు. ఆ రోజు ఇంట్లో కూర్చోవద్దు. సాయంత్రం తొమ్మిది దాటినా వెలుతురుంటుంది, మా అత్తమ్మ మొదటి వారం దీపం ఎప్పుడు పెట్టాలో తెలియక తిప్పలు పడింది. చింతపండు తెచ్చుకోండి. ఇంకొకటి, పొరపాటున కూడా "ఇంగ్లండ్ వచ్చాం" అనకండి. 2010లో మనల్ని ఎవరైనా "ఆంధ్రోళ్లు" అంటే ఎట్లుండేదో అట్లుంటుంది వాళ్లకు.

కొత్తవాడ_జంపఖానా:
తమ్ముడూ, చెల్లీ, మీ ఇద్దరికీ దండాలు. ఓవెన్ ఫొటో మా ఆఫీసు గోడకు ఉండేది. దానికింద కూర్చునే, చేసిన పనికి కూలి రాలేదని వచ్చిన ఆడవాళ్లకు "వచ్చే నెల రండి" అని ఎన్నిసార్లు చెప్పానో. ఆయన సమాధి దగ్గరికి ఉత్త చేతులతో పోలేను.

నాయన నేసిన ఆఖరి జంపఖానా ఇంట్లో ఉంది, నీలం ఎరుపు చారలది. ఆ మగ్గాల మ్యూజియంవాళ్లకు చూపించాలనుంది. ఇచ్చేయను, చూపించి తెచ్చుకుంటాను. బరువు ఐదు కిలోలు దాటుతుంది. మా ఆవిడేమో సకినాలకు, పచ్చళ్లకే సూట్‌కేసు చాలదంటోంది. ఏం చేయమంటారు?

పరకాల_టు_న్యూటౌన్:
చుట్టకుండా మడిచి సూట్‌కేసు అడుగున పరవండి, పచ్చడి సీసాలు దానిమీద పెట్టండి, పగలవు. నూనె కారకుండా మాత్రం సీసాలకు రెండు కవర్లు చుట్టించండి.